వరసకి మావ

కూర్మారావు మాకు ఏమీ కాడు.

ఈ ఒక్క ముక్కనీ నేను ఇప్పటికి ఏడు ఆఫీసుల్లో రాసిచ్చాను. తెలుగులో నాలుగు చోట్ల, ఎవరో హిందీలో రాసిపెడితే రెండు చోట్ల, ఇంగ్లీషులో ఒక చోట. ఆ మనిషి ఇంటికి మా వాళ్లు పిల్లనిచ్చింది లేదు, ఆ ఇంటి నుంచి తెచ్చుకున్నది లేదు. అతనిది మా ఊరికి నాలుగు మైళ్ల అవతల సముద్రం ఒడ్డున ఇంకో ఊరు. అయినా ఈ రోజు మీరు మా ఊళ్లో దిగి, రూపని గుజరాత్ తీసుకెళ్లింది ఎవరని ఎవరినడిగినా, "ఇంకెవలు, ఆల మావ కూర్మారావే" అనేస్తారు. కోర్టులో కేసు నడుస్తుండగా అంటారు. నా మొహం మీదే అంటారు.

నేనూ రూపకి మామనే. అసలు మేనమామని. నా పేరు జోగారావు. రూప తల్లి నీలమ్మ నాకు తోడబుట్టిన అక్క. మా వైపు అప్ప అంటాం. బావ కిడ్నీ జబ్బుతో పోయాక ఆమె మూడేళ్లు నౌపడ ఉప్పు మళ్లలో పనికి వెళ్లింది. కాళ్లు పగిలి నడవలేకపోతే నేనే మా ఊరు తెచ్చుకున్నాను. ఆమెకి ఒక్కతే కూతురు.

తొంభై తొమ్మిది తుఫాను మా కొబ్బరి తోటల్ని పడుకోబెట్టేసింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకి ఆరేళ్లు. ఆ ఆరేళ్లూ ఏం తినాలో చెప్పేవాడు లేడు. అలాంటి రోజుల్లో, రెండు వేల ఒకటి వేసవిలో, కూర్మారావు మోటారు సైకిలు మీద వచ్చాడు. చేతికి గడియారం, జేబులో రెండు పెన్నులు. మా అప్ప గుమ్మం ముందు బండి ఆపి, దిగకుండానే పిలిచాడు.

"అప్పా! ఓ అప్పా! మంచినీల్లు ఇత్తావేటి?"

అంతే. అప్పా అని పిలిచాడు కనక తమ్ముడైపోయాడు. తమ్ముడైపోయాడు కనక రూపకి మావ అయిపోయాడు. మా దగ్గర ఇది ఇంత సులువు. పేరు పెట్టి పిలిస్తే తిట్టినట్టుంటుంది మాకు. టెక్కలి బస్సు కండక్టరు మావ. సోంపేట నుంచి సైకిలు మీద గాజులమ్మే ముసలాయన మావ. సైకిలు షాపువాడు బావ. పిల్లలకి మాటలొచ్చిన దగ్గర్నుంచీ నేర్పేది ఇదే. ఎవరైనా కొత్తవాడు కనిపిస్తే, "ఎవలే? మావ. మావా అను" అంటాం.

గుజరాత్‌లో రొయ్యలు ఒలిచే షెడ్డుందన్నాడు కూర్మారావు. ఎండ తగలని పని, తిండీ గదీ వాళ్లదే, అడ్వాన్సు ఐదు వేలు, ఏడాది తిరిగేసరికి ఇంటి దగ్గర దింపుతాను అన్నాడు. మా చుట్టుపక్కల మగవాళ్లు బోట్ల మీద పనికి ఎప్పట్నుంచో గుజరాత్ వెళ్లి వస్తున్నారు. అందుకని ఆ పేరు మాకు కొత్త కాదు, భయం లేదు. నలుగురు ఆడపిల్లలు బయల్దేరారు. రూపకి అప్పటికి పదిహేనేళ్లు. పలాస స్టేషను దాకా నేనే దిగబెట్టాను; అక్కణ్ణుంచి కూర్మారావు తీసుకెళ్లాడు.

రైలు కదిలేటప్పుడు రూపతో ఒక మాట అన్నాను. అది తర్వాత చెబుతాను.

మొదట రెండు నెలలు డబ్బు వచ్చింది. ఆ తర్వాత డబ్బూ లేదు, ఉత్తరమూ లేదు. కూర్మారావు కనిపిస్తే, "పిల్లలు సుకంగా ఉన్నారు మావా, నువ్వేటి బెంగెట్టుకుంతావు" అనేవాడు. పదకొండో నెలలో మా ఊరి ఎస్టీడీ బూతుకి ఫోనొచ్చింది. చేసినవాడు ఢిల్లీబాబు. బారువ దగ్గర బెస్తల కుర్రాడు. ఆ షెడ్డున్న రేవులోనే బోటు మీద పని చేస్తున్నాడు.

"మావా, సెడ్డు మీద ఆఫీసర్లు పడ్డారు. పిల్లలకి ఏల్లు కుల్లిపోనాయి, ఐసు నీల్లలో రాత్రీ పగలూ ఒలిపిత్తన్నారు, గేటుకి తాలం. ఎవలో కంప్లయింటు కాయితం ఎట్టినారట. ఇప్పుడు గుంటల్ని సర్కారు హోంలో ఎట్టినారు. ఇంటోలు వచ్చి తీసుకెల్లాల. బేగి బయల్దేరు."

బేగి అంటే నాకు తొమ్మిది రోజులు పట్టింది. టికెట్టు డబ్బు కూడాలి, దారి తెలిసినవాళ్లని అడగాలి. పలాసలో రైలెక్కి మూడో రోజుకి దిగాను.

హోంలో పెద్ద మేడమ్ కళ్లజోడు పెట్టుకుని రిజిస్టరు తీసింది. ఆవిడ హిందీలో అడిగింది ఢిల్లీబాబు నాకు తెలుగులో చెప్పాడు. నేను రూప పేరు చెప్పాను. నేను మేనమామనని చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి రిజిస్టరు నా వైపు తిప్పింది. నాకు ఆ రాత రాదు. వేలుపెట్టి చూపించింది. అక్కడ ఒక సంతకం ఉంది. అది మాత్రం తెలుగులో ఉంది. నేను చదివిన ఆరో తరగతికి అది చాలు.

కె. కూర్మారావు.

"నాలుగు రోజుల కిందట వచ్చి నలుగుర్నీ తీసుకెళ్లాడట మావా," అన్నాడు ఢిల్లీబాబు నేల చూస్తూ. "ఆల మామ వచ్చాడని రాసినారు."

నాకు కోపం రావాలి. నిజం చెప్పాలంటే ముందు రాలేదు. ముందు నాకు ఆ కాగితం ఎలా పుట్టిందో తెలుసుకోవాలనిపించింది. ఆఫీసర్లు మంచివాళ్లే. తాళం బద్దలుకొట్టి పిల్లల్ని బయటికి తెచ్చారు. ఈవిడ చూస్తే పిల్లల చేతులకి మందు రాయించిన మనిషి. మరి దొంగ చేతిలోనే తిరిగి పెట్టడం ఎలా జరిగింది? ఒక్కొక్క అడుగూ చెప్పమన్నాను.

మేడమ్ ఓపికగా చెప్పింది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లని ఊరికే రోడ్డు మీద వదలకూడదు, అమ్మానాన్నకి గానీ దగ్గర బంధువుకి గానీ అప్పగించాలి, అది చట్టం. ఒక మనిషి వచ్చాడు. పిల్లని పిలిపించి, ఇతను ఎవరమ్మా అని అడిగారు. పిల్ల చెప్పింది. మధ్యలో భాష కోసం ఒక తెలుగు కుర్రాడిని కూచోబెట్టారు. అంతా రాసుకున్నారు.

"ఆ తెలుగు కుర్రాడెవడు?" అన్నాను.

ఢిల్లీబాబు తలుపు వైపు చూశాడు.

"నువ్వేనా?"

"నేనే మావా. నువ్వు రావడం ఆలిసమైనాదని ఆడిని పంపినావనుకున్నాను. నానేటి తప్పు సెప్పినాను? ఆ గుంట మావ అన్నాది. నాను మామ అన్నాను. హిందీలోనూ మామ అంటే మామే. ఆ ఒక్క మాటకి తర్జుమా కూడా అక్కర్నేకపోనాది."

"ఒరే ఢిల్లీబాబూ."

"ఏటి మావా?"

"నన్ను ఏమన్నావు?"

"మావా అన్నాను."

"నాను నీకేటవుతాన్రా? మీ అమ్మకి తమ్ముడినా? మీ కులమా? మీ ఊరా?"

 వాడు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "ఓలమ్మో," అన్నాడు. మేడమ్ ఏమిటని అడిగింది. వాడు చెప్పడానికి చాలాసేపు తంటాలుపడ్డాడు. మా దగ్గర కండక్టరు కూడా మామే అని వాడు హిందీలో ఎలా చెప్పాడో నాకు తెలియదు గానీ, ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టేసింది.

ఆవిడ చివరికి అన్నది ఇది: "ఇప్పుడు నా దగ్గరికి ఇద్దరు మామలు వచ్చారు. ఒకడి పేరు పిల్ల నోటి నుంచి వచ్చింది, కాగితం మీద ఉంది. నీ పేరు నువ్వు చెబుతున్నావు. ఎవరు నిజమో మీ జిల్లా నుంచి రాయించుకుని రా. అతను బంధువు కాదని తేలితే అది ఎత్తుకుపోవడం. పోలీసు వెతుకుతుంది. బంధువే అయితే ఇంటిమనిషి పనిలో పెట్టాడంటారు, నేనేమీ చెయ్యలేను. తొందరగా రా. ఇలాంటి పిల్లల్ని రేవు నుంచి రేవుకి మార్చేస్తారు. ఆ తర్వాత నాకూ దొరకరు, నీకూ దొరకరు."

అలా ఖాళీ చేతులతో తిరిగొచ్చాను. గుమ్మంలో మా అప్ప నా వెనకాల చూసింది. వెనకాల ఎవరూ లేరు.

పోలీస్ స్టేషనుకి వెళ్లాను. ఎస్సై మర్యాదగానే కూర్చోమన్నాడు. "ఆ... చెడ్డ పనికి తీసుకెళ్లాడా?" అని అడిగాడు గొంతు తగ్గించి.

"లేదు బాబూ. రొయ్యలు ఒలవడానికి."

"మరి పిల్లని అమ్మేశాడు, ట్రాఫికింగ్ కేసు పెట్టమంటావేంటయ్యా? అది దానికి పెట్టిన కేసు. ఇది కూలి గొడవ. లేబర్ ఆఫీసుకెళ్లు."

లేబర్ ఆఫీసులో వయసు అడిగారు. పదహారు అన్నాను. "పద్నాలుగు లోపైతే బాలకార్మికులు. దాటిపోయింది కదా," అన్నారు. అంటే మూడేళ్లు చిన్నదై ఉంటే ఒక తలుపు తెరుచుకునేది, ఇంకా పాడైపోయి ఉంటే ఇంకో తలుపు తెరుచుకునేది. పిల్ల చేసిన తప్పల్లా సరిగ్గా మధ్యలో ఉండటం.

టెక్కలి కోర్టు ఎదుట జిరాక్సు షాపులో ఈ సంగతే ఎవరితోనో అంటుంటే, పక్కన కాగితాలు తీయించుకుంటున్న నల్లకోటు అమ్మాయి వెనక్కి తిరిగింది. పేరు ప్రమోదిని. ఆ ఏడే కొత్తగా ప్రాక్టీసు పెట్టింది. "ఆ ముక్క మళ్లీ చెప్పండి, ఆ మామ ముక్క," అంది. నేను మళ్లీ చెప్పాను. షాపువాడు మిషను ఆపేసి విన్నాడు.

ఆమె గదిలో ఫ్యాను లేదు, క్లయింట్లు లేరు. అందుకేనేమో తీరికగా చెప్పింది.

"జోగారావు గారూ, మనుషుల్ని అమ్ముకోవడం తప్పని రాజ్యాంగంలోనే ఉంది. కానీ దాన్ని పట్టుకోడానికి ఒక్క వల లేదు, ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. వ్యభిచారానికి అమ్మితే ఒక చట్టం. చిన్నపిల్లలతో పని చేయిస్తే ఒకటి. బానిసగా కొంటే పాత శిక్షాస్మృతిలో ఒక సెక్షను. బానిస అని రుజువు చేసేసరికి మనం ముసలాళ్లమైపోతాం. మీకు పనికొచ్చేది ఇంకోటుంది, వెట్టిచాకిరీ చట్టం. అడ్వాన్సు ఇచ్చి, అది తీరేదాకా కదలనివ్వకపోతే అది వెట్టి. వయసుతో పని లేదు."

"మరి ఆ అడ్వాన్సు ముందు కట్టాలి కదమ్మా?"

"కట్టక్కర్లేదు. అసలు ఆ అప్పే లేనట్టు. చెల్లిపోయినట్టు లెక్క."

నేను నమ్మలేదు. అప్పు తీర్చొద్దని చెప్పే చట్టం ఎక్కడైనా ఉంటుందా? పుస్తకం చూపించమన్నాను. చూపించింది. ఎప్పుడొచ్చిందమ్మా ఇది అన్నాను. డెబ్బై ఆరులో అంది. నేను బడి మానేసి, పలాసలో జీడిపిక్కలు కొట్టే పనిలో చేరిన ఏడాది అది. ఇంకొక్క ఏడాది బడిలో ఉంటే ఎవరైనా ఆ మాట నా చెవిన వేసేవారా అనిపించింది. వేసేవారు కాదు, నాకు తెలుసు. అయినా అనిపించింది.

"అయితే ఒక చిక్కు," అంది ప్రమోదిని. "కూర్మారావు బంధువైతే ఇంటిమనిషి. కాకపోతే దళారీ. కేసంతా ఆ ఒక్క మాట మీద నిలబడింది. ముందు అది తేల్చుకు రండి."

అందుకని ఎమ్మార్వో ఆఫీసుకి వెళ్లాను. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు జగదీశ్వరరావు నా అర్జీ రెండుసార్లు చదివాడు.

"ఏటయ్యా ఇది? ఫలానా వ్యక్తి మాకు బంధువు కాదని సర్టిఫికెట్ ఇవ్వాలా?"

"అవును బాబూ."

"బంధువని ఇస్తాం. కాదని ఎలా ఇస్తామయ్యా? ఈ లెక్కన దేశంలో ఉన్నోళ్లందరూ నీకు కానోళ్లే. ఎంతమందికని ఇవ్వను?" ఆఫీసంతా నవ్వింది. అయినా మంచి మనిషి. "సరే, ఊళ్లో విచారణ చేసి, జనం ఏం చెబితే అది రాసి పంపుతాను," అన్నాడు.

ఆ మాటకి నేను దండం పెట్టాను. ఊరంతా నా వైపే కదా అనుకున్నాను.

మంగళవారం నాడు బడి వరండాలో బల్ల వేశారు. జగదీశ్వరరావు తెల్లకాగితం మడతపెట్టి, ఒక్కొక్కరినీ పిలిచి ఒకటే ప్రశ్న అడిగాడు. మొదట మా పక్కింటి గున్నయ్య వచ్చాడు. మా నాన్న ఈడువాడు, అబద్ధం ఆడడు.

"కూర్మారావు అనే వ్యక్తి రూపకి ఏమవుతాడు?"

"మావ అవుతాడు బాబూ."

నేను బల్ల దగ్గరికి వచ్చేశాను. "పెద్దయ్యా! ఎలగ మావ?"

"ఎలగేటిరా? ఆ గుంట మావా అనే కదా పిలుత్తాది. వరసకి మావే."

"ఆడు మన ఊరోడు కూడా కాడు!"

"ఊరితో ఏటి పని? వరస వరసే." గున్నయ్య వేలిముద్ర వేసేశాడు.

తర్వాత వచ్చినవాడూ అదే చెప్పాడు. ఆ తర్వాత వచ్చినావిడా అదే. ఎవరూ కూర్మారావు మనుషులు కారు. అందరికీ రూప మీద జాలి ఉంది, నా మీద ప్రేమ ఉంది. వాళ్లు నిజమే చెబుతున్నారు. పదకొండు మంది పదకొండు నిజాలు చెప్పి వేలిముద్రలు వేశారు. నేను అడ్డుపడి అరిచాను.

"మరి నాను ఆ గుంటకి ఏటవుతానర్రా?"

"నువ్వూ మావవే. కాదన్నామేటి?" అన్నారు.

జగదీశ్వరరావు పెన్ను మూత పెట్టాడు. "ఇద్దరూ మామలే అయినప్పుడు నీ బాధేటయ్యా?" అని కాగితం మడిచాడు. "దీన్ని ఇలాగే పంపితే నీ మేనకోడలు దొరకదు. పంపకపోతే నా ఉద్యోగం ఉండదు. నాలుగు రోజులు నా దగ్గర అట్టేపెడతాను. ఈలోగా మీ లాయరమ్మని ఏదైనా చెయ్యమను."

వరండా చివర పైడమ్మ కూర్చుని అంతా వింటోంది. మా ఊళ్లో సగం మందికి పురుడు పోసిన ముసల్ది. ఆమెని ఎవరూ ప్రశ్న అడగలేదు. ఆఫీసరు వెళ్లాక నన్ను చూసి తుపుక్కున ఉమ్మింది.

"ఒరే జోగిగా! ఏటిరా ఆడదాన్నాగ ఏడుత్తన్నావు?"

"ఏడవక ఏటి సెయ్యమంతావే? ఊరంతా ఆడినే మావంటంది."

"అడగడం సేతకాక. ఏటవుతాడని అడిగితే మావే అంతారు. కుక్కనడిగినా మావే అంతాది. ఆకులెవడేసినాడని అడగమను!"

నాకు ఒక్క నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక వీధిలో పరిగెత్తాను.

మా వైపు ఆడపిల్ల పెద్దమనిషి అయితే, మేనమామ తన చేత్తో కొబ్బరాకులు నరికి తెచ్చి పరవాలి. దాని మీదే పిల్లని కూర్చోబెడతారు. వరస మామలు వస్తారు, స్వీట్లు తింటారు, గాజులు పెడతారు. ఆకు మాత్రం వాళ్లు ముట్టుకోకూడదు. తల్లికి తోడబుట్టినవాడే వెయ్యాలి. తోడబుట్టినవాడు లేకపోతే ఆకు వెయ్యరు, చాప మీద కూర్చోబెడతారు. రూప పెద్దమనిషి అయింది తుఫాను వెళ్లిన మూడో రోజున. ఊళ్లో నిలబడ్డ చెట్టు లేదు. ఆకు కోసం ఎక్కాల్సిన పని లేకుండా పడిపోయిన చెట్టు మీంచే నరికాను. నరుకుతూ ఏడిచాను. అది ఊరంతా చూసింది. నా కాపు చెట్టు, నా మేనకోడలి పండగ. అలాంటి ఆకుల్ని ఎవరు మరిచిపోతారు?

ప్రమోదినికి చెబితే కుర్చీలోంచి లేచింది. "ప్రశ్న మార్చాలి," అంది. "మనం తప్పు ప్రశ్న అడిగాం." ఆ సాయంత్రమే ఆర్డీవో గారికి అర్జీ రాసి, విచారణ మళ్లీ చేయమని ఉత్తర్వు తెప్పించింది. శుక్రవారం మళ్లీ అదే వరండా, అదే బల్ల.

"రూపకి ఆకులు ఎవరు వేశారు?"

"జోగారావే బాబూ. ఇంకెవలేత్తారు?" అన్నాడు గున్నయ్య.

"కూర్మారావు వెయ్యొచ్చునా?"

గున్నయ్యకి కోపం వచ్చింది. "ఆడెవడు బాబూ ఎయ్యడానికి? ఆడికేటి సమ్మందం? ఏసుంటే కాలిరగ్గొట్టుందుం!"

"మొన్న మామే అన్నావు కదయ్యా."

"పిలుపుకి బాబూ! పిలవడానికేటి, తమర్ని కూడా మావా అంటాను."

జగదీశ్వరరావు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. కానీ కాగితం మీద ఎలా రాయాలో తెలియక చాలాసేపు పెన్ను నోట్లో పెట్టుకున్నాడు. ఫారంలో ఆకులకి గడి లేదు. చివరికి రాసింది నా దగ్గర ఇప్పటికీ ఉంది: "సదరు బాలిక రజస్వల అయిన సందర్భమున, మేనమామ మాత్రమే చేయదగిన కొబ్బరి ఆకులు వేయు ఆచారమును జోగారావు నిర్వర్తించినట్లును, సదరు కూర్మారావునకు అట్టి అర్హత లేదనియు గ్రామస్థులు ఏకగ్రీవముగా తెలియజేసిరి." కింద పన్నెండు వేలిముద్రలు. పన్నెండోది పైడమ్మది.

ఆ కాగితం మీద ఆర్డీవో ముద్ర పడి, అది ఇంగ్లీషులోకి మారి, కూర్మారావు మీద ఇక్కడ కేసు కట్టేసరికి నెల దాటింది. ఒక కానిస్టేబుల్‌ని నాతో పంపారు. అతని ఖర్చు కూడా నాదే, అలాగే ఉంటుందన్నారు. ఎందుకుంటుందని నేను అడగలేదు. అప్పటికి నాకు ఏ ప్రశ్నకి ఎంత ఆలస్యమవుతుందో తెలిసిపోయింది.

ఢిల్లీబాబు ఈ నెలంతా ఊరికే కూర్చోలేదు. తన చేత్తో చేసిన తప్పని రోజూ పని దిగాక రేవులన్నీ తిరిగాడట. బోట్ల మీద మన కుర్రాళ్లు వందలమంది. ఎవరో చెప్పారు, అరవై కిలోమీటర్ల అవతల ఇంకో రేవులో ఒక షెడ్డు గోడ వెనక తెలుగులో పాడుతున్నారని. హోం మేడమ్ నా కాగితం చదివి ఫోను ఎత్తింది. ఆ మధ్యాహ్నమే జీపు బయల్దేరింది.

షెడ్డులో నేల నిండా నీళ్లు. ముక్కులు బద్దలయ్యే కంపు. ఇరవై మంది దాకా పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. రూపతో బయల్దేరిన ముగ్గురూ అందులోనే ఉన్నారు. రూపని నేను పోల్చుకోలేకపోయాను. తనే నన్ను చూసింది. చూసి రాలేదు. నిలబడిపోయింది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

బయటికి తెచ్చాక జీపు పక్కన కుర్చీ వేసి, అక్కడి ఆఫీసరు రాసుకోవడం మొదలుపెట్టాడు. ఈసారి ఢిల్లీబాబు పక్కన నిలబడి చెమటలు కక్కుతున్నాడు. ఆఫీసరు నా వైపు చూపించి, ఇతను నీకేమవుతాడు అని అడిగించాడు.

రూప నా వైపు చూసింది. ఆ చిన్న నోటి నుంచి ఏ మాట వస్తుందో నాకు తెలుసు. పుట్టిన దగ్గర్నుంచీ వింటున్నదే. ఇప్పుడు ఆ మాట వస్తే మళ్లీ పాత కాగితమే. 

"మా అమ్మకి తమ్ముడు," అంది రూప.

ఢిల్లీబాబు ఆ మాటని ముక్కముక్కగా, వేలు మడిచి లెక్కపెట్టినట్టు హిందీలోకి మార్చాడు. మా. అమ్మకి. తోడబుట్టిన. తమ్ముడు. ఆఫీసరు తలూపి రాసుకున్నాడు.

తిరుగు రైల్లో నలుగురు పిల్లలూ మాతోనే ఉన్నారు; రెండు రోజులూ రూప కిటికీ వైపే కూర్చుంది. చేతులకి కట్లు. నేను అన్నం కలిపి పెడితే తింది. విజయవాడ దాటాక నోరు తెరిచింది.

"హోంకి ఆడొచ్చినప్పుడు నాకు బయమేసింది. రానని సెప్పేద్దాం అనుకున్నాను."

"మరెందుకెల్లావే?"

"పలాసలో నువ్వే కదా సెప్పావు. మావ సెప్పినట్టు ఇను అని."

తర్వాత చెబుతానన్న మాట అదే. రైలు కదిలేటప్పుడు కిటికీ ఊచ పట్టుకుని నేను అన్నది. ఏ ఆఫీసులోనూ నన్ను ఆ మాట గురించి అడగలేదు. అడిగితే రాసిచ్చేవాడినో లేదో తెలియదు.

కూర్మారావు మూడు వారాలు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. కేసు ఐదో ఏడాదిలో ఉంది. వాయిదా రోజున కోర్టు మెట్ల మీద ఎదురైతే ఇప్పటికీ, "ఏటి మావా, వరస మర్సిపోనావేటి?" అంటాడు. ప్రమోదిని నా చెయ్యి పట్టుకుని ఆపుతుంది. రూప ఇప్పుడు పలాసలో జీడిపప్పు గ్రేడింగు పనిలో ఉంది. వేళ్లు పూర్తిగా ముడవవు, కానీ పప్పు చూసి నంబరు చెప్పడంలో ఆమె తర్వాతే ఎవరైనా. ఊళ్లో ఆమె ఎవరినీ మావా అనదు. కండక్టర్ని "టికెట్" అంటుంది. గున్నయ్యకి అది పొగరు. నన్ను కూడా అనదు. "ఇదిగో" అంటుంది, లేకపోతే వాళ్లమ్మతో "మీ తమ్ముడికి అన్నం ఎట్టు" అంటుంది. నేనేమీ అనను. ఆకులు వేసినవాడికి ఆ పిలుపు మీద హక్కుందని ఏ చట్టంలోనూ లేదు.

రెండు ప్రయాణాలకి, కానిస్టేబుల్ ఖర్చుకి, వాయిదాలకి నేను మా నాన్న ఇచ్చిన జీడితోట అమ్మాను. కొన్నది నారాయణరావు, పక్క పొలంవాడు. పూత రోజుల్లో ఆ గట్టు మీదుగా వెళ్తే లోపల్నుంచి కేకేస్తాడు, "మావా, ఈ యేడు పూత సూసినావేటి?" అని. చూశాను. చెట్టు చెట్టునా చూశాను. కాగితాల్లో అది ఎనభై ఆరు సెంట్లు. నా లెక్కలో ముప్పై నాలుగు చెట్లు.